రహస్య శాసనము - నిజము చెప్పువారు



1923లో పరదొరతనమువారు చేసిన అధికార రహస్యముల చట్టము నేటికిని మన దేశమున చెల్లుచున్నది. దొరలు పోయిరి, వారి బీరువా తాళము మిగిలినది. సైనిక రహస్యములను కాపాడవలదని మేమనుట లేదు. కాని యా చట్టపు 5వ సెక్షను కాగితము బయటపెట్టినవానినే గాక, తెలిసి పుచ్చుకొన్నవానిని గూడ నేరస్థునిగా నెంచుచున్నది.

సత్యేంద్ర దూబే యను ఇంజనీరు జాతీయ రహదారి పనులలోని అక్రమములను గూర్చి 2002లో ప్రధానమంత్రికి జాబు వ్రాసెను. తన పేరు గోప్యముగా నుంచుడని వేడుకొనెను. ఆ జాబు పేరుతో సహా కచ్చేరీలు తిరిగినది! 2003 నవంబరు 27న గయలో నాతడు హతుడయ్యెను. దోపిడికై జరిగిన హత్య యని దర్యాప్తు తేల్చినది. అది యెట్లున్నను, అన్ని రహస్యములు దాచు ప్రభుత్వము దాచుమన్న యొక్క పేరును దాచలేకపోయినది. అట్టివారి రక్షణకై 2014లో చట్టమైతే ఆమోదింపబడినది గాని, అమలు తేదీ ప్రకటింపక ఏండ్ల తరబడి నిలిపియుంచిరి.

2005 నాటి సమాచార హక్కు చట్టము కొంత మేలు. ప్రజాప్రయోజనము హానిని మించినచో, రహస్య చట్టమున్నను సమాచారమీయవచ్చునని 8వ సెక్షను చెప్పుచున్నది. సాధారణముగా ముప్పది దినములలో జవాబీయవలెను. అయితే అర్జీ ఇంగ్లీషున గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికారభాషలో గాని యుండవలెనట. హోసూరులోని మన వృద్ధుడు తెలుగున వ్రాసినచో త్రోసిపుచ్చవచ్చును. వ్రాయలేనివారు నోట చెప్పినచో వ్రాతలో పెట్టుటకు అధికారి సాయపడవలెనని యదే చట్టములో నున్నది. ఈ సంగతి పెద్దలకు తెలియదు. కావున తమిళము, కన్నడము, ఒడియా, మరాఠీ చదివిన మన యువకులు వారానికొక సాయంకాలము సంఘభవనమున గూర్చుండి, అడిగినవారికి అర్జీలు వ్రాసిపెట్టవలెనని కోరుచున్నాము.