రెండో నెల దాటాకే అసలు పరీక్ష



పిల్లవాడు వారం రోజులు బడికి రాకపోతే మేము హాజరుపట్టీలో పేరు కొట్టెయ్యం. ఇంటికి వెళ్లి, ఎందుకు రావడం లేదని అడుగుతాం. క్షయ మందులు మధ్యలో మానేసినవారి విషయంలోనూ మనం చేయవలసింది ఇదే.

మామూలు క్షయకు ఆరు నెలల చికిత్స. తొలి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు రకాలు. కొన్ని వారాలకే జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, ఆకలి వేస్తుంది. నయమైందనుకుని మాత్రలు మానేసి కూలికి వెళ్లిపోతారు. చిక్కంతా అక్కడే. ఒంట్లో మిగిలిన క్రిములు మళ్లీ పెరుగుతాయి. మందులకు లొంగని మొండి క్షయగానూ మారవచ్చు. అది ఇంటిల్లిపాదికీ ప్రమాదం.

మానేసినవారంతా నిర్లక్ష్యం గలవారు కారు. మన మండీబజారులో ఒక తల్లి మాత్రలను బియ్యం డబ్బాలో దాచుకునేది. తెలిస్తే కూతురి సంబంధం చెడిపోతుందని భయం. చివరికి దాచినచోటే వదిలేసింది. మూత్రం ఎర్రగా వస్తే రక్తమనుకుని మానేసినవారున్నారు. అది రిఫాంపిసిన్ మందు రంగు, భయపడనక్కరలేదు. రంజాన్‌లో ఉపవాసం కోసం మానేవారూ ఉన్నారు. రోగి ఆ ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకోవచ్చని దివ్య ఖురాన్ సూరా బఖరాలోనే సడలింపు ఉంది. ఉండగలమా లేదా అన్నది డాక్టరుగారిని అడగాలి. మాత్ర మాత్రం ఆపకూడదు.

ఈ కారణంగానే 1997లో మన దేశం డాట్స్ పద్ధతి చేపట్టింది. 2006 నాటికి అది దేశమంతటా విస్తరించింది. ఎదురుగా ఉండి మాత్ర మింగించడమే ఆ పద్ధతి. మింగించేది డాక్టరే కానక్కరలేదు. ఆశా కార్యకర్త గానీ, శిక్షణ పొందిన పొరుగువారు గానీ చాలు. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. పోషకాహారానికి 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు ఇస్తున్నారు.

ఆ తల్లి మళ్లీ మొదటి నుంచి చికిత్స తీసుకుంది. కుట్టుపని నేర్చుకునే నెపంతో మా తోటి ఉపాధ్యాయిని ఇంటికి రోజూ వచ్చి మాత్ర మింగి వెళ్లేది. ఆరు నెలలూ పూర్తయ్యాయి. కూతురి నిఖా కూడా జరిగింది.

ప్రతి మొహల్లాకు ఇద్దరు సోదరులు, ఇద్దరు సోదరీమణులు ఈ పనికి ముందుకు రావాలని, రోగి పేరు నలుగురిలో పడనీయరాదని మా మనవి. అల్లాహ్ మనకు ఆ తౌఫీఖ్ ప్రసాదించుగాక. ఆమీన్.