మంచం దగ్గరే ఆగకండి



మా బరంపురంలో మన సంఘం సభ్యుడొకాయన మేడ మీంచి జారిపడ్డాడు. వెన్నుపూస విరిగి లోపలి నరం దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. చేతులు మాత్రం బాగున్నాయి. ఇక మగ్గం గుంతలో దిగి నెయ్యలేడు.

రాత్రి రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పాలి. లేకపోతే ఒంటికి పుండ్లు పడతాయి. నొప్పి తెలీదు గనక ముదిరే దాకా ఆయనకి పత్తా ఉండదు. ఆ తిప్పడమంతా భార్యదే. ఆమెకు నిద్ర పోయింది, మగ్గం ఆగింది. చూడ్డానికొచ్చినవాళ్లంతా ఆయన్నే పలకరిస్తారు. ఒకరోజు ఆమె మాతో అంది: "చాకిరీకి బాధ లేదు బాబాయ్, ఆయన పెళ్లాన్నన్న మాటే మర్చిపోతున్నా."

అప్పుడు రాట్నాన్ని బల్ల మీద పెట్టించి చక్రాల కుర్చీకి అందేలా చేశాం. రాత్రి ఒక తడవ తిప్పడం మరిదికి అప్పజెప్పాం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఇలాంటివాళ్లూ వస్తారు గనక కార్డుకి దరఖాస్తు పెట్టించాం. ఇప్పుడు ఆయన కండెలు చుడతాడు, ఆమె నేస్తుంది. దారం తెగితే ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు కూడా! మాకదే సంతోషం.

మీ ఊళ్లో అలాంటి ఇల్లుంటే మంచం దగ్గరే ఆగకండి. వంటింటి దాకా వెళ్లి, "రాత్రి నిద్రపోయావా అమ్మా?" అని ఆమెనూ అడగండి.