నాగయ్యగారి చిత్రములలో రామదాసు స్థానము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాస పాఠము)



ఖమ్మము మైదానము ముగిసి భద్రాచలపు అడవి మొదలగు ఈ ప్రాంతమున రామదాసును గూర్చి యొకరికొకరు బోధించుకొనవలసిన పని లేదు. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు పైకముతో భద్రగిరిపై ఆలయము కట్టించి, తానీషా ఆజ్ఞచే గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మగ్గెనన్న కథ ఇచ్చటి పసిబిడ్డలకును తెలియును. భజన మందిరములో, శ్రీరామనవమికి కాలినడకన పోవు యాత్రికుల నోట ఆయన కీర్తనలు నేటికిని వినవచ్చును. అందుచేత 1964లో వెలువడిన 'భక్త రామదాసు' చిత్రముపై ఈ సీమవారికి సొంత బిడ్డపై ఉండునంత మమకారము కలదు. చిత్తూరు నాగయ్యగారి చిత్రములలో ఏది మిన్న అని ఇచ్చటి పెద్దల నడిగినచో 'రామదాసు' అన్న మాటయే ముందు వచ్చును.

ఈ మాట అభిమానముచే వచ్చినదా, విచారణచే వచ్చినదా యని తరచి చూచుటయే నేటి ఉపన్యాస విషయము. చదివినదానిని, చూచినదానిని తూచి చెప్పు అలవాటు గ్రంథాలయమువలన గ్రామమునకు కలుగవలెను గదా!

నాగయ్యగారు 1904 మార్చి 28న గుంటూరు జిల్లా రేపల్లె ప్రాంతమున జన్మించిరి. చిత్తూరులో నాటకములాడి పేరు గడించుటచే ఆ ఊరి పేరే వారికి ఇంటి పేరువలె నిలిచిపోయెను. సినిమా తెరపై కనబడుటకు ముందే నాటకశాలలయందును, గ్రామఫోను రికార్డులయందును వారి కంఠము ప్రజలకు పరిచితము. 1938లో హెచ్. ఎం. రెడ్డిగారి 'గృహలక్ష్మి'తో వారు చిత్రరంగమున ప్రవేశించిరి. అందులో కల్లు మానుడని ప్రబోధించు పాట పాడుచు వచ్చు దేశభక్తుని పాత్ర వారిది. పాట కొరకు పిలువబడిన మనిషి పాత్రలో నిలిచిపోయెను. మరుసటి యేడు బి. ఎన్. రెడ్డిగారు వాహినీ సంస్థ పక్షమున తీసిన తొలి చిత్రము 'వందేమాతరము'లో నాగయ్యగారే కథానాయకులు.

ఆ కాలపు పద్ధతిని యువకులు తెలిసికొనవలెను. అప్పుడు నటుడు తన పాట తానే పాడుకొనవలసి యుండెడిది. బొమ్మయు, ధ్వనియు ఒకేసారి పట్టవలసి వచ్చుటచే వాద్యములవారు కెమెరాకు కానరాకుండ చెట్టుచాటునో, తెరచాటునో కూర్చుండి వాయించెడివారు. గొంతు లేనివానికి నాయక పాత్ర దొరకుట దుర్లభము. దీనివలన లాభమును కలదు, నష్టమును కలదు. గొంతు మంచిదైనచో నటన రాకున్నను సాగిపోయెడిది. ప్రజలు పాట విని తృప్తిపడి, మాటలు వచ్చినప్పుడు ఓపిక పట్టెడివారు.

ఇట్టి గాయకనటులు అన్ని దేశములందును ఉండిరి. నాగయ్యగారు పుట్టిన 1904లోనే జమ్ములో పుట్టిన కుందన్‌లాల్ సైగల్ ఉత్తరదేశమును తన పాటతో ఏలెను. 1947లో ఆయన మరణించిన పిదప జనులకు మిగిలినది ప్రధానముగ ఆ పాటయే. తమిళమున ఎం. కె. త్యాగరాజ భాగవతరు నటించిన 'హరిదాస్' మదరాసులో మూడు దీపావళులు చూచినదని ప్రసిద్ధి. అమెరికాలో ఫ్రాంక్ సినాట్రా అను గాయకుడు 1953 నాటి చిత్రమొకదానిలో పాట పాడని సైనికుని పాత్ర ధరించి సహాయనటునకిచ్చు ఆస్కారు బహుమానము పొందెను. పాట తీసివేసిన తరువాతను మనిషి నిలిచెనన్న మాట.

నాగయ్యగారి చిత్రములను తూచుటకును ఇదే తగిన రాయి. పాట వచ్చినప్పుడు అది ఆ పాత్ర గుండెలోనుండి వచ్చినట్లున్నదా? పాట ఆగిన పిదప ఆ పాత్ర ఇంకను బ్రతికి యున్నదా? ఈ రెండు ప్రశ్నలకును 'అవును' అనిపించునదియే మేలైన చిత్రము. కథ దేవునిదా, మన ఊరిదా, నిర్మాత కెంత నష్టము వచ్చినది అను సంగతులు ఈ తూకములో వేయరాదు.

ఈ రీతిని చూచినచో ప్రథమ స్థానము 1947 నాటి 'యోగి వేమన'కు చెందవలెను. కె. వి. రెడ్డిగారు దర్శకత్వము వహించిన ఈ చిత్రములో వేమన మొదట భోగి. వేశ్య మోహమున పడి ఇంటిని మరచినవాడు. బంగారము చేయు విద్యకై వెంపరలాడినవాడు. ప్రాణప్రదమైన అన్న కూతురు చనిపోయినప్పుడు అతని లోకము కూలును. శ్మశానమున అతడు పాడు పాటలో నాగయ్యగారి గొంతు సంగీత సభలోని గొంతు కాదు. తెలిసిన విద్యనంతటిని అణచుకొని, దుఃఖమునకు సరిపడినంతయే పాడిరి. భోగి యోగియగు మార్పు ముఖమునందును, నడకయందును, మౌనమునందును క్రమముగ వచ్చును. పాటలన్నియు తీసివేసి చూచినను ఆ మార్పు కనబడుచునే యుండును. విడుదలైన నాడు ధనము విరివిగ తేలేదని చెప్పుదురు. కాని కాలము గడచినకొలది దాని విలువ పెరిగెను.

రెండవ స్థానము 1946 నాటి 'త్యాగయ్య'ది. నిర్మాణము, దర్శకత్వము, సంగీతము, ప్రధాన పాత్ర అన్నియు నాగయ్యగారివే. కీర్తన పాడునప్పుడు తాను విద్వాంసుడనని చూపించుకొను ఆరాటము వారియందు లేదు. ఎదుట రాముడున్నాడను నమ్మకమే కనబడును. పాటకును పాత్రకును ఇంతకంటె పొత్తు కుదరుట కష్టము. ఐనను ఇది రెండవదే. త్యాగరాజస్వామి జీవితమే గానమగుటచే గాయకునకు ఈ పాత్ర సహజముగ దగ్గరయైనది. వేమన పాత్ర వారికి దూరమైనది. ఆ దూరమును నడచి చేరిరి. ఎక్కువ దూరము నడచినవానికి ఎక్కువ మెప్పు దక్కుట న్యాయము.

మూడవది 1943లో వచ్చిన 'భక్త పోతన'. కె. వి. రెడ్డిగారికి దర్శకులుగా ఇదియే మొదటి చిత్రము. భాగవతమును రాజునకు అంకితమీయక, నాగలి పట్టి బ్రతికిన కవిగా నాగయ్యగారిని చూచి ఆనాటి ప్రేక్షకులు పోతన ఇట్లే యుండునని నమ్మిరి. శ్రీనాథునిగా గౌరీనాథశాస్త్రిగారు ఎదుట నిలుచుటచే పోతన యొక్క నెమ్మది ఇంకను వెలిగెను. ఈ మూడు చిత్రములకును రచన సముద్రాల రాఘవాచార్యులవారిదే యగుట గమనింపదగినది. గాయకుని గొంతునకు తగిన మాట దొరకుట సామాన్యమైన అదృష్టము కాదు.

నాలుగవ స్థానమున రెండు సాంఘిక చిత్రములను ప్రక్కప్రక్కన ఉంచవచ్చును. 1945 నాటి 'స్వర్గసీమ'లో ఒక కళాకారిణి ఆకర్షణలో పడి ఇల్లాలిని విడిచి, తుదకు పశ్చాత్తాపముతో ఇల్లు చేరు గృహస్థుని పాత్ర వారిది. భానుమతిగారి పాటకు దేశము తలయూచిన ఆ చిత్రములో నాగయ్యగారు తమ బలహీనతను తామే చూపి నిలబడిరి. 1950 నాటి 'బీదలపాట్లు' ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో ప్రకటించిన మహానవలకు తెలుగు రూపము. రొట్టెముక్క దొంగిలించి చెరసాల పాలైన మనిషి మహాత్ముడగు కథ అది. గానముపై ఆధారపడని ఆ పాత్రలో వారు నటులుగా గెలిచిరి.

ఇక 'భక్త రామదాసు'. ఐదవ స్థానమనగానే ఈ సభలో కొందరికి కష్టము తోచవచ్చును. కాని కారణములను శాంతముగ వినవలెను.

ఈ చిత్రము నాగయ్యగారి చిరకాల స్వప్నము. స్వయముగ నిర్మించి, దర్శకత్వము వహించి, ప్రధాన పాత్ర ధరించిరి. ధనము చాలక నిర్మాణము సంవత్సరముల తరబడి సాగెను. తెరకు వచ్చునప్పటికి వారి వయస్సు అరువదేండ్లు. యువకుడైన తహసీలుదారుగా కనబడునప్పుడు ఆ వయస్సు దాగలేదు. చిత్రనిర్మాణ రీతులు అప్పటికి చాల మారిపోయినవి. ఈ చిత్రపు నడక మాత్రము పాత నాటకపు నడకగనే నిలిచెను. కబీరుగా గుమ్మడిగారు నటింపగా ఆ పాత్రకు మహమ్మద్ రఫీ గొంతు తోడయ్యెను. ఆ పాటలలోని తాజాదనము ప్రక్కన నాయకుని గొంతులోని అలసట మరింత తెలియును.

చెరసాల ఘట్టమునకు వచ్చినప్పుడు మాత్రము అంతయు మారును. వంగిన వెన్ను, వడలిన ముఖము, ఊపిరి చాలని గొంతు, ఇవియన్నియు అచ్చట లోపములు గావు. ఆ పాత్రకు వలసిన సొత్తు. రాముని నిందించి, వెంటనే క్షమింపుమని వేడు భక్తుని కీర్తనలు ఆ ముసలి గొంతులోనుండి వచ్చునప్పుడు చెరసాలలో మగ్గినవాని ఆర్తి నిజమనిపించును. ఆ ఘట్టము వరకే తూచినచో అది వేమన శ్మశాన ఘట్టమునకు సాటి రాగలది. కాని చిత్రమనగా ఒక ఘట్టము కాదు. మొదటినుండి తుదివరకును చూడవలెను.

కొందరు ఇట్లు అనవచ్చును: 'రాముని కొరకు గోపన్న సర్కారు ధనము వెచ్చించెను. గోపన్న కొరకు నాగయ్య సొంత ధనము పోగొట్టుకొనెను. ఆ త్యాగమునకు మార్కులు లేవా?' ఆ త్యాగమునకు చేతులెత్తి మ్రొక్కవలసినదే. కాని త్యాగమును చిత్రపు తూకములో వేసినచో నష్టపడునది నాగయ్యగారే. ఈ ప్రాంతపు పిల్లవానికి ఇదియే వారి శ్రేష్ఠమైన చిత్రమని చెప్పి చూపించినచో, అతడు అరువదేండ్ల గొంతును విని, 'నాగయ్య ఇంతేనా' అని లేచిపోవును. నలుబది మూడేండ్ల నాటి వేమనను, నలుబది రెండేండ్ల నాటి త్యాగయ్యను అతడు చూడనే చూడడు. అభిమానముతో వేసిన పెద్దపీట ఈ విధముగ మనిషిని చిన్నజేయును.

ఇంకొక సంగతి. నాగయ్యగారి రేణుకా ఫిలిమ్సు సంస్థ 1943లో నిర్మించిన 'భాగ్యలక్ష్మి'లోనే నటి కమలా కొట్నీసునకు రావు బాలసరస్వతీదేవిగారు తెరవెనుక పాడిరి. తెలుగున నేపథ్యగానమునకు అది నాందియని ప్రసిద్ధి. గొంతు లేని నటునకు ద్వారము తెరచినవారు గొంతే ఆస్తిగాగల నాగయ్యగారే! ఆ ద్వారమున క్రొత్త తరము ప్రవేశించెను. గాయకనటుల కాలము క్రమముగ ముగిసెను. వారు తండ్రి పాత్రలకు, ఋషి పాత్రలకు మరలిరి. 1963 నాటి 'లవకుశ'లో వాల్మీకిగా వారిని చూచిన కన్నులు ఆ ప్రశాంతతను మరువజాలవు. 2006లో 'శ్రీరామదాసు' పేర ఇదే కథ మరల వచ్చినప్పుడు నాయకుడు ఒకరు, గాయకుడు వేరొకరు. ఒకే దేహమున రామదాసు మాటయు, పాటయు పలుకుట 1964 చిత్రమునకు దక్కిన గౌరవము.

నాగయ్యగారికి 1965లో పద్మశ్రీ బిరుదము లభించెను. ఒకప్పుడు ధారాళముగ ఆర్జించిన ధనము దానధర్మములకును, చిత్రనిర్మాణమునకును వ్యయమైపోగా, తుదినాళ్ళలో చిన్న పాత్రలతో జీవనము గడపి, 1973 డిసెంబరు 30న మదరాసులో కాలధర్మము నొందిరి. ఆ నగరమున పానగల్ పార్కులో వారి విగ్రహము కలదు.

కావున యువకులకు ఒక విన్నపము. 'రామదాసు'ను మొదట చూడవలదు. మొదట పోతనను, పిదప త్యాగయ్యను, ఆ తరువాత వేమనను చూడుడు. ఆ గొంతు యెట్లుండెడిదో తెలిసికొనుడు. తుదకు రామదాసును చూడుడు. అప్పుడు ఆ చెరసాలలో పాడుచున్నది గోపన్నయా, సర్వమును పోగొట్టుకొనియు పాట విడువని నాగయ్యయా యని తెలియక కన్నులు చెమ్మగిల్లును. ఐదవ స్థానమున నున్న చిత్రము హృదయమునకు అన్నిటికంటె దగ్గరగుట అప్పుడు సంభవించును. అది అర్హతతో సంపాదించిన ప్రేమ యగును.

పెద్దల ఇండ్లలో మూలబడియున్న పాత సినిమా పాటల పుస్తకములు, చిరిగిన పత్రికలు ఉన్నచో వానిని చిత్తుకాగితములకు అమ్మివేయక ఈ గ్రంథాలయమునకు ఇచ్చుట మంచిది. పోతన భాగవతము, వేమన పద్యములు, రామదాసు కీర్తనలు ఉన్న బీరువాలోనే వానికిని ఒక అర దొరకును. చిత్రము చూచినవాడు మూలగ్రంథము తెరచుటకు, గ్రంథము చదివినవాడు చిత్రమును తూచుటకు అది త్రోవ యగును.