కార్మిక చట్టములు - గ్రామ పాఠకుడు
(రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



కార్మిక చట్టమనగానే చాలమందికి మిల్లుల పొగగొట్టములు, రైలు కార్ఖానాలు, సమ్మెలు జ్ఞప్తికి వచ్చును. నందివాడ ప్రాంతమున పొగగొట్టములు లేవు. ఉన్నవి వరిచేలు, 1980ల తరువాత వాని నడుమ లేచిన చేపల చెరువుల గట్లు. దమ్ము చేయువాడు, ఊడ్పు ఊడ్చు స్త్రీ, మేతబస్తాలను పడవలో వేసికొని చెరువు నడుమకు పోవువాడు, పట్టుబడి నాడు తెల్లవారకముందే వల లాగువాడు - వీరందరును శ్రమజీవులే. అయినను "ఆ పుస్తకములు పట్నపు ప్లీడర్లకు గాని మన కెందుకు?" అను మాట పల్లెలలో తరచుగా వినబడును. ఆ మాట ఎంత ఖరీదైనదో ఒక్క ఉదాహరణమువలన తేటపడగలదు.

దమ్ముల కాలమున ఇనుప చక్రముల ట్రాక్టరు బురదలో కూరుకొని, ముందుభాగము పైకి లేచి, వెనుకకు తిరుగబడినదనుకొనుడు. నడుపుచున్న 40 ఏండ్ల జీతగాడు దానిక్రింద నలిగి మరణించెను. నెలకు 12,000 రూపాయల జీతము. ఇంట భార్య, ఇద్దరు పిల్లలు. దినములు కాకముందే పెద్దమనుష్యులు కూర్చుందురు. యజమాని చెడ్డవాడేమియు గాడు, అతడును దుఃఖించినవాడే. దహనపు ఖర్చులు తానే పెట్టుకొనెను, రెండు లక్షలిచ్చెదననెను. కాగితము వ్రాయుదురు. ఇకమీదట తన కే హక్కును లేదని అందులో ఒక వాక్యముండును. భార్య వ్రేలిముద్ర వేయును. న్యాయము జరిగినదనియే ఊరివారందరును తలంతురు.

ఇప్పుడు చట్టమేమి చెప్పినదో చూడవలెను. 1923వ సంవత్సరపు కార్మిక నష్టపరిహార చట్టము 1924 జూలై 1 నుండి అమలులోనికి వచ్చెను. 2009లో చేసిన సవరణతో దానికి ఉద్యోగుల నష్టపరిహార చట్టమని పేరు మారెను. దాని లెక్క కఠినమైనది కాదు; ఎక్కములు వచ్చిన బాలుడు వేయగలడు. మరణించినవాని నెల జీతములో సగము తీసికొని, అతని వయస్సునకు ఎదురుగా పట్టికలో నున్న అంకెతో హెచ్చవేయవలెను. 40 ఏండ్లకు ఆ అంకె 184.17. ఆరువేలను దానితో హెచ్చవేసినచో వచ్చునది 11,05,020 రూపాయలు. పంచాయితీలో ముట్టినది రెండు లక్షలు. మిగిలిన తొమ్మిది లక్షల పైచిలుకు ఆ వితంతువునకు తెలియకయే పోయినది. తెలిసి వదలుకొనుట వేరు, తెలియక పోగొట్టుకొనుట వేరు.

వ్రేలిముద్ర వేసిన కాగితము మాటేమి? నష్టపరిహారపు హక్కును వదలుకొనుచు వ్రాసికొన్న ఒడంబడిక చెల్లదని ఆ చట్టము 17వ సెక్షను స్పష్టముగా చెప్పినది. అంతకంటె గమనింపదగినది 8వ సెక్షను. మరణమునకు సంబంధించిన పరిహారమును కమీషనరు వద్ద జమకట్టవలెను. యజమాని నేరుగా ఇంటివారి చేతిలో పెట్టిన సొమ్ము పరిహారముగా లెక్కకు రాదు. మూడు నెలల జీతమునకు సరిపడు సొమ్మును మాత్రము ముందుగా ఇయ్యవచ్చును. ఈ సంగతి కూలివానికంటె ముందుగా యజమానియే చదువుకొనదగినది. మంచితనముతో రెండు లక్షలు చేతికిచ్చినవాడు మరల మొత్తమంతయు కట్టవలసి వచ్చినచో, ఆ మంచితనమును మెచ్చుకొనువారు కనబడరు.

"త్రాగి నడపినాడు, మా తప్పేమున్నది?" అను వాదము ఇట్టి పంచాయితీలలో మొదటనే బయలుదేరును. దెబ్బలు తగిలినప్పుడు ఆ వాదమునకు చట్టములో కొంత తావున్నది. మరణమో, శాశ్వతముగా ఏ పనికిని పనికిరాని అంగవైకల్యమో సంభవించినప్పుడు తావు లేదు. ఒక్క వాక్యములోని ఈ భేదమును చదివినవాడు ఒక్కడు ఆ అరుగుమీద ఉండినచో మాటల నడక మారిపోవును.

అయితే చట్టము అందరిని సమముగా ఆదుకొన్నదనుట సత్యము కాదు. ఎవరికి వర్తించునో చెప్పు జాబితా దాని చివర నున్నది. ట్రాక్టరుతోగాని, ఆవిరితోగాని, విద్యుత్తుతోగాని నడచు యంత్రములతో సాగుచేయు పనివారు ఆ జాబితాలో ఉన్నారు. వంగి చేతితో నారు నాటు స్త్రీని పాము కరచినచో అదే చట్టము అంత తిన్నగా పలుకదు. యంత్రమునకు దగ్గరగా నున్నవానికి ఒక న్యాయము, బురదకు దగ్గరగా నున్నదానికి మరియొక న్యాయము! అందుచేతనే కార్మిక చట్టమును మొదటి పుటనుండి గాక, ఎవరు కార్మికుడో చెప్పు నిర్వచనము నుండియు, చివరి షెడ్యూలు నుండియు చదువుట మేలు.

ఈ చదువునే జీవితపు పనిగా పెట్టుకొన్న తెలుగువారిలో వరాహగిరి వేంకటగిరి ముఖ్యులు. 1894లో బరంపురమున జన్మించి, 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు పోయి, 1916లో తిరిగివచ్చిరి. న్యాయవాదిగా ధనమార్జింపవచ్చును, ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల పక్షమున నిలిచిరి. 1937లో మద్రాసు రాష్ట్రమున రాజాజీ మంత్రివర్గములోను, 1952 నుండి కేంద్రములోను కార్మికశాఖను నిర్వహించిరి. బ్యాంకు ఉద్యోగుల విషయమున అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో మంత్రిపదవిని వదలివేసిరి. ప్రతి వివాదమును ట్రిబ్యునలునకు ఈడ్చుటకంటె యజమానులు, కార్మికులు ముఖాముఖి కూర్చుండి తేల్చుకొనుట మేలని ఆయన మతము. అట్లు కూర్చుండవలెనన్న ఇరువురకును లెక్క తెలిసియుండవలెను గదా! 1969లో ఆయన రాష్ట్రపతి యైరి. ఇట్లు రైల్వేలలో బలపడిన సంఘశక్తి పొలమునకు చేరుట అంత సులభము కాలేదు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుచ్చలపల్లి సుందరయ్య వ్యవసాయ కూలీలను కూడగట్టుటకు పూనుకొన్నప్పుడు, అది తన సొంత ఊరే యైనను, తన బంధువర్గమునకే ఎదురు నిలువవలసి వచ్చెను.

కూలిరేట్ల సంగతికి వచ్చినచో, 1948 కనీస వేతనముల చట్టపు షెడ్యూలులో రెండవ భాగము వ్యవసాయమునకే ప్రత్యేకింపబడెను. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టము వచ్చెను. ఇచ్చిన అప్పును చూపి మనిషిని పనికి కట్టివేయుట నాటినుండి నేరము. 1982లో సుప్రీంకోర్టు ఏషియాడ్ నిర్మాణ కార్మికుల వ్యాజ్యెములో మరియొక అడుగు ముందుకు వేసి, కనీస వేతనముకంటె తక్కువకు పని చేయించుట రాజ్యాంగపు 23వ అధికరణము నిషేధించిన బలవంతపు చాకిరియే యని తీర్పు చెప్పినది. డిల్లీలో రాళ్లు మోసినవారి నిమిత్తము వచ్చిన ఆ తీర్పు కృష్ణా డెల్టాలో మోపులు మోయువారికిని వర్తించును.

ఇందు ఒక చిక్కు గలదు. 29 పాత చట్టములను కలిపి 2019, 2020 సంవత్సరములలో నాలుగు స్మృతులుగా చేసిరి. అవి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినవి. కనీస వేతనము షెడ్యూలులో పేర్కొన్న పనులకే యను హద్దును వేతనముల స్మృతి తొలగించినది. నష్టపరిహారపు చట్టము సాంఘిక భద్రతా స్మృతిలో ఒక అధ్యాయమై, ఇంటినుండి పనికి పోవుచు వచ్చుచు జరిగిన ప్రమాదములను సైతము, పనితో సంబంధము కనబడినచో, లెక్కలోనికి తీసికొన్నది. కావున బీరువాలోని పాత పుస్తకముపై ప్రచురణ సంవత్సరము చూచుకొనక సెక్షను నంబరు ఉదహరించువాడు నవ్వులపాలగును. అట్లని పాత పుస్తకమును తూకమునకు వేయరాదు. "పని కారణమున, పని సందర్భమున" అను మాటలకు నూరేండ్లుగా కోర్టులు చెప్పిన అర్థము అందులోనే యున్నది. క్రొత్త స్మృతి ఆ మాటలను విడువలేదు.

గ్రంథాలయము తెప్పింపవలసినవి బరువైన వ్యాఖ్యానములు కావు. నాలుగు స్మృతుల తెలుగు పాఠములు, వాని క్రింద రాష్ట్రము చేయు నియమములు, ఎప్పటికప్పుడు వెలువడు కనీస వేతనముల ప్రకటనలు చాలును. ప్రకటనను గోడకు అంటించినంత మాత్రమున అది చదువబడదు. సాయంకాలము వార్తాపత్రిక చదివి వినిపించునట్లే దానిని గూడ చదివి వినిపించువాడొకడు కావలెను.

వీటితోపాటు ఒక రూళ్ల నోటుపుస్తకము. ట్రాక్టరు జీతగానికి నెలకు 12,000 వచ్చుచుండెనని భార్య చెప్పును. ఎనిమిది వేలేయని ఎదుటివారు చెప్పవచ్చును. మేస్త్రీ పుస్తకము మేస్త్రీ ఇంటనే యుండును. తేదీ, చేసిన పని, ఎవరి పొలము, ముట్టిన సొమ్ము - ఈ నాలుగింటిని ప్రతిదినమును ఇంటిలో బడికి పోవు పిల్లచేత వ్రాయించి యుంచినచో, కమీషనరు ఎదుట పరిశీలనకు వచ్చు మొదటి కాగితము అదియే యగును.