పద్దుల్లో మాయమైన ఉద్యోగినులు

(పురపాలక సంఘాల్లో పారిశుద్ధ్య కార్మికుల స్థితిగతులపై జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



 నాకు ముందు మాట్లాడినవాళ్ళు వేతనాల గురించి, సమ్మెల గురించి వివరంగానే చెప్పారు. నేను మనం సాధారణంగా పట్టించుకోని ఒక చోటికి మీ దృష్టి మళ్ళించాలనుకుంటున్నాను. అది మునిసిపల్ కౌన్సిల్ సమావేశం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ సమావేశంలో సభ్యుల ముందు పెట్టే బడ్జెట్ పుస్తకం.

స్త్రీల హక్కులనగానే మనకు కుటుంబం, పోలీసు స్టేషను, కోర్టు, అసెంబ్లీ గుర్తుకొస్తాయి. మునిసిపల్ ఆఫీసు అంటే మాత్రం కుళాయి, మురుగు కాలువ, ఇంటి పన్ను. అవి పౌర సమస్యలు, స్త్రీల సమస్యలు వేరు అనే విభజన మన మనసుల్లో కూడా ఉంది. కానీ ఆలోచించండి. తెల్లవారకముందే ఊరి వీధులు ఊడ్చేవాళ్ళలో ఎక్కువ మంది స్త్రీలు. వాళ్ళలో అత్యధికులు దళిత స్త్రీలు: మాదిగలు, ఉత్తర కోస్తాలో రెల్లి కులస్తులు, హైదరాబాదులో మెహతర్లు. ఇటు కౌన్సిల్ హాల్లో కూర్చునే సభ్యుల్లోనూ స్త్రీలున్నారు. 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థల్లో కనీసం మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆ వాటా తర్వాత సగానికి పెరిగింది. అంటే ఊడ్చేదీ స్త్రీయే, ఊడ్చడానికయ్యే ఖర్చుకు చెయ్యెత్తి ఆమోదం తెలిపేదీ స్త్రీయే. అయినా ఈ ఇద్దరు స్త్రీలూ ఒకరికొకరు కనపడరు. ఎందుకు కనపడరన్నదే ఇవాళ నేను మాట్లాడదలచుకున్న విషయం.

పరిశోధనలో భాగంగా కొన్ని పట్టణాల కౌన్సిల్ సమావేశాలు కూర్చుని చూశాను, పాత అజెండాలు, తీర్మానాలు చదివాను. ఊరు మారినా తంతు పెద్దగా మారదు. సిమెంటు రోడ్లు, డ్రైన్లు, కల్వర్టులు, షాపింగ్ కాంప్లెక్సు, పార్కు గోడ, వీటి మీద గంటల తరబడి వాదోపవాదాలు. ఏ వార్డుకు ఎంత అన్న దగ్గర గొంతులు లేస్తాయి. తప్పు పట్టడానికి లేదు, వార్డు ప్రజలకు జవాబు చెప్పుకోవలసిన వాళ్ళే కదా. తర్వాత సిబ్బంది విషయాలొస్తాయి. పర్మనెంటు ఉద్యోగుల జీతాలు, డి.ఏ. బకాయిలు, పదవీ విరమణ ప్రయోజనాలు. వీటి మీద చర్చ కొద్దిసేపే. ఖర్చు పెరిగిపోతోందని ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. పారిశుద్ధ్యం వంతు వచ్చేసరికి ఒకటే అంశం: ఔట్‌సోర్సింగ్ కార్మికుల కొనసాగింపు. చదవడం, ఆమోదించడం రెండు నిమిషాల్లో అయిపోతుంది. వందల మంది బతుకు ఆ రెండు నిమిషాల్లో ఉంది.

ఇది సభ్యుల నిర్లక్ష్యం మాత్రమే అయితే ఇంత దూరం మాట్లాడనక్కర్లేదు. దీనికి మూలం లెక్కలు రాసే పద్ధతిలోనే ఉంది. మునిసిపల్ బడ్జెట్లో సిబ్బంది జీతభత్యాలకు ఒక పద్దు ఉంటుంది. పర్మనెంటు ఉద్యోగుల జీతం, సెలవు, పెన్షను, వైద్య ఖర్చు అన్నీ అందులోకి వస్తాయి. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కార్మికులకిచ్చే డబ్బు చాలా చోట్ల ఆ పద్దులోకి రాదు. అది నిర్వహణ ఖర్చుల కింద పోతుంది. వీధి దీపాల మరమ్మతు, పంపుసెట్ల బాగుచేత, చెత్త బళ్ళ డీజిలు, వాటి సరసన మనుషుల కూలి. ఒకే వీధిని ఒకే చీపురుతో ఊడ్చే ఇద్దరు స్త్రీలలో ఒకరు 'ఉద్యోగి', రెండో ఆమె 'నిర్వహణ'. ఉద్యోగుల ప్రయోజనాల మీద కౌన్సిల్ చర్చించినప్పుడు రెండో ఆమె ప్రస్తావన రాకపోవడంలో ఆశ్చర్యమేముంది? ఆమె పేరు ఆ పేజీలోనే లేదు.

ఈ స్థితి ఒక్కరోజులో రాలేదు. 1990ల నుంచి ప్రభుత్వ ఖర్చు తగ్గించాలన్న ఆర్థిక విధానాల ఒత్తిడిలో మునిసిపాలిటీలు కొత్త పర్మనెంటు నియామకాలు దాదాపు మానేశాయి. పర్మనెంటు కార్మికురాలు రిటైరైతే ఆ పోస్టు ఖాళీగా ఉండిపోయింది, పని మాత్రం కాంట్రాక్టరు చేతికి పోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రైవేటు ఏజెన్సీల స్థానంలో ప్రభుత్వమే ఒక ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్ పెట్టింది. దళారీ కమిషను బెడద తగ్గింది, దాన్ని కాదనను. కానీ ఆమె ఎవరి ఉద్యోగి అనే ప్రశ్న అలాగే మిగిలింది. 2015 జూలైలో హైదరాబాదు పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేస్తే నెలకు 8,500 ఉన్న వేతనం 12,500 అయింది. 2023 డిసెంబరు చివర మొదలై 2024 జనవరి దాకా ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు సమ్మె చేశారు. అదే రోజుల్లో అంగన్‌వాడీ అక్కలు కూడా రోడ్డు మీదే ఉన్నారు. రెండు చోట్లా వినపడిన డిమాండ్లలో ముఖ్యమైనది ఒకటే: మమ్మల్ని ఉద్యోగులుగా గుర్తించండి.

వేతనం సమ్మెతో పెరుగుతుంది. సమ్మెల్లో కూడా వెనకబడిపోయే విషయం ఒకటుంది, దాని దగ్గర కాస్త ఆగుతాను. అది ప్రసూతి సెలవు.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2010 నుంచి 180 రోజుల ప్రసూతి సెలవు ఉంది. మునిసిపల్ ఆఫీసులో పర్మనెంటు ఉద్యోగిని అయిన గుమస్తాకు అది మామూలు విషయం. అదే మునిసిపాలిటీకి ఊడ్చే స్త్రీ గర్భవతి అయితే? కార్మిక స్త్రీలతో మాట్లాడినప్పుడు నేను పదే పదే విన్నది ఇది: కడుపుతో ఉన్న సంగతి వీలైనంత కాలం మేస్త్రీకి తెలియనివ్వకపోవడం, నెలలు నిండేదాకా మస్టరు తప్పకుండా వేయించుకోవడం, కాన్పు కాగానే చెల్లెల్నో ఆడబిడ్డనో తన బదులు పంపడం, పచ్చి బాలింతగా మళ్ళీ చీపురు పట్టడం. సెలవు అడిగితే పేరు తీసేస్తారన్న భయం. ఇప్పుడు చాలా చోట్ల ముఖం చూసి హాజరు వేసే యంత్రం వచ్చింది కాబట్టి బదులు పంపే దారి కూడా మూసుకుపోయింది. యంత్రం దొంగ హాజర్లను ఆపుతుంది, మంచిదే. మరి బాలింతకు ఏ దారి చూపించారు?

ఆమెకు చట్టంలో హక్కు లేదనుకుంటే పొరపాటు. ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ మస్టరు రోల్ మీద పనిచేసే స్త్రీలు ప్రసూతి ప్రయోజనాల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. రోజు కూలీల వంటి వాళ్ళకు ఈ హక్కు ఉండదని కార్పొరేషన్ వాదించింది. 2000 మార్చి 8న, అంటే సరిగ్గా మహిళా దినం నాడు, సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం మస్టరు రోల్ స్త్రీలకు కూడా వర్తిస్తుందని తేల్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు వచ్చింది. 2025 నవంబర్ 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి పాత చట్టం అందులో కలిసిపోయినా ఆ 26 వారాలు అలాగే ఉన్నాయి. కోర్టు చెప్పిందీ, చట్టం చెప్పిందీ. బడ్జెట్ పుస్తకం మాత్రం ఇంకా వినలేదు.

ఇక్కడ అధికారులు ఒక మాట అంటారు: అంత ఖర్చు మునిసిపాలిటీ ఎక్కడి నుంచి తెస్తుందమ్మా అని. ఈ మాటకు జవాబు మనందరికీ తెలిసి ఉండాలి. ఇ.ఎస్.ఐ. కట్టే కార్మికురాలికి 26 వారాల డబ్బు ఇచ్చేది మునిసిపాలిటీ కాదు, ఇ.ఎస్.ఐ. కార్పొరేషన్. దానికోసమే 2019 జూలై నుంచి ఉన్న రేటు ప్రకారం కార్మికురాలి వేతనంలో 0.75 శాతం కోసి, యజమాని వాటా 3.25 శాతం కలిపి కడుతున్నారు. ఆమె సెలవులో ఉన్న ఆరు నెలలు మునిసిపాలిటీ ఆమెకు జీతం ఇవ్వదు. ఆ మిగిలిన డబ్బుతోనే ఆమె స్థానంలో ఇంకొకరిని పెట్టుకోవచ్చు. ఉదాహరణకు ఒక పట్టణంలో సంవత్సరానికి ఆరుగురు స్త్రీలు ప్రసూతి సెలవు తీసుకున్నారనుకుందాం, ఒక్కొక్కరి నెల వేతనం 21,000 అనుకుందాం. ఆరు నెలలకు వాళ్ళ బదులు పనిచేసిన వాళ్ళకు 7,56,000 ఇవ్వాలి. సెలవులో ఉన్న ఆరుగురికీ ఇవ్వకుండా మిగిలింది కూడా అంతే. కొత్తగా అయ్యే ఖర్చు ఏమీ లేదు. కావలసింది ఒక తీర్మానం: ప్రసూతి సెలవు కాలానికి బదిలీ కార్మికురాలిని తీసుకోవాలి, సెలవు ముగియగానే ఆమె పని ఆమెకు తిరిగి ఇవ్వాలి.

రెండు మెలికలున్నాయి, జాగ్రత్తగా గమనించండి. ఒకటి, జీతంలో కోసిన ఇ.ఎస్.ఐ. డబ్బు కట్టకుండా ఆపేస్తే కాన్పు సమయానికి ఆమెకు ఏమీ రాదు. ప్రసూతి ప్రయోజనం రావాలంటే అంతకు ముందరి రెండు చందా కాలాల్లో కనీసం 70 రోజుల చందా ఉండాలి. రెండు, ఇ.ఎస్.ఐ. వేతన పరిమితి 2017 నుంచి నెలకు 21,000. ఆ గీత దాటిన స్త్రీ ఇ.ఎస్.ఐ. బయటికి వెళ్తే ప్రసూతి ప్రయోజనం ఇచ్చే బాధ్యత యజమాని మీద పడుతుంది. అప్పుడు యజమాని మునిసిపాలిటీయా, ఔట్‌సోర్సింగ్ సంస్థా అని ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. ఆ తగవు తేలేలోగా బిడ్డ నడవడం నేర్చుకుంటుంది.

కౌన్సిల్ సభ్యులు చెప్పే ఇంకో మాట, వేతనాలూ నియామకాలూ రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి, మా చేతిలో ఏముంది అని. అందులో నిజం ఉంది. 74వ సవరణ 12వ షెడ్యూలులో 18 విషయాలు పేర్కొంది, పారిశుద్ధ్యం వాటిలో ఒకటి. కానీ పని అప్పగించినంత ఉదారంగా అధికారాలు అప్పగించలేదు. అయినా కౌన్సిల్ చేతిలో ఉన్నవి కూడా తక్కువేం కాదు. సబ్బులు, కొబ్బరి నూనె, చెప్పులు, చేతి తొడుగులు సకాలంలో కొనడం. మస్టరు వేసే చోట మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే గది, పసిపిల్లల్ని ఉంచే చోటు. చీకటి వేళ ఊడ్చే రోడ్డు మీద దీపం. ఊరంతటికీ మరుగుదొడ్ల గురించి బోధించే మునిసిపాలిటీ తన పనిలో ఉన్న స్త్రీకి నెలసరి రోజుల్లో వెళ్ళడానికి ఒక చోటు చూపించలేకపోవడం ఏ ప్రభుత్వ ఉత్తర్వు వల్ల?

లైంగిక వేధింపుల విషయం కూడా ఇందులోదే. 2013 చట్టం ఉద్యోగి అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో కాంట్రాక్టు, తాత్కాలిక కార్మికులను స్పష్టంగా చేర్చింది. అంటే మేస్త్రీ మీద ఫిర్యాదు చేసే హక్కు ఊడ్చే స్త్రీకి పూర్తిగా ఉంది. మీ ఊరి మునిసిపల్ ఆఫీసులో అంతర్గత కమిటీ ఉందా, అందులో ఎవరున్నారో పారిశుద్ధ్య కార్మికులకు చెప్పారా? అడిగి చూడండి.

కౌన్సిలర్లైన స్త్రీల గురించి ఒక మాట. వాళ్ళకేం తెలుసు, భర్తలే నడిపిస్తారు అనే ఎగతాళి మన సభల్లో కూడా వినపడుతుంది. భర్తలు కుర్చీ పక్కన నిలబడే మాట నిజమే. కానీ మొదటిసారి గెలిచిన స్త్రీకి అంకెల భాషలో రాసిన దస్త్రం చేతిలో పెట్టి, చదివే వ్యవధి లేకుండా, అప్పటికప్పుడు టేబుల్ అజెండా తెచ్చి చెయ్యెత్తమంటే, చదువుకున్న మగవాడు మాత్రం ఏం చేస్తాడు? బడ్జెట్ అర్థం కాకుండా ఉంచడం కూడా ఒక అధికారమే. కేరళలో 1990ల చివర ప్రజా ప్రణాళిక ఉద్యమ కాలంలో స్థానిక సంస్థల ప్రణాళికా నిధుల్లో 10 శాతం స్త్రీల కోసం కేటాయించాలన్న నియమం వచ్చింది. అది నిలబడింది అంకెల వల్ల కాదు, ఆ అంకెల వెనక స్త్రీలకు శిక్షణ, చర్చ, అడిగే అలవాటు ఉండడం వల్ల. ఆ పని ఇక్కడ మనం చెయ్యాలి.

కాబట్టి నా ప్రతిపాదనలు ఇవి. బడ్జెట్ సమావేశానికి ముందే మన సంఘాలు మహిళా కౌన్సిలర్లతో కూర్చోవాలి. ఆ సమావేశానికి పారిశుద్ధ్య కార్మిక స్త్రీలను కూడా పిలవాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద మస్టరు రోళ్ళు, ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. చెల్లింపుల రసీదులు అడగాలి, జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి. కౌన్సిల్లో ఈ ప్రశ్నలు వేయించాలి: మన పట్టణంలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ కింద ఎంత మంది స్త్రీలు పనిచేస్తున్నారు? గత సంవత్సరం వాళ్ళలో ఎంత మందికి ప్రసూతి ప్రయోజనం అందింది? కోసిన ఇ.ఎస్.ఐ., పి.ఎఫ్. ఏ నెల వరకు కట్టారు? కాన్పు తర్వాత తిరిగి పనిలోకి రాలేకపోయిన వాళ్ళెందరు, ఎందుకు? వాళ్ళ వేతనాన్ని సిబ్బంది పద్దు పక్కనే విడిగా చూపించడానికి అభ్యంతరమేమిటి? జవాబులు తీర్మానాల పుస్తకంలో నమోదు చేయించాలి. నోటితో చెప్పింది గాలికి పోతుంది, మినిట్స్‌లో ఎక్కింది రేపు కోర్టులో పనికొస్తుంది.

పర్మనెంటు చేయమనే పోరాటం పెద్దది, దీర్ఘకాలం సాగేది. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు కేంద్ర జల సంఘం కార్యాలయంలో ఏళ్ళ తరబడి ఊడ్చిన స్త్రీల కేసులో, శాశ్వతమైన పనిని తాత్కాలిక పేర్లతో చేయించుకోవడాన్ని తప్పుపట్టి, వాళ్ళ ఉద్యోగాలను క్రమబద్ధం చేయమంది. ఆ దారి తెరిచే ఉంది, మనం నడవాలి. కానీ ఈ సంవత్సరం కాన్పు కాబోయే స్త్రీ ఆ తీర్పులన్నీ అమలయ్యేదాకా ఆగలేదు. ఆమెకు కావలసిన తీర్మానం వచ్చే కౌన్సిల్ సమావేశంలోనే రావచ్చు, అదీ మునిసిపాలిటీకి ఒక్క రూపాయి భారం లేకుండా. ఇవాళ ఇక్కడి నుంచి వెళ్ళాక మీ మీ ఊళ్ళలో ఆ సమావేశం ఏ తేదీన ఉందో కనుక్కోవడంతో మొదలుపెట్టండి.

సెలవు.