మన వర్క్‌స్టేషన్‌లో మెమొరీ అమరిక

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక సభ్యుని కుమారుడు మన కార్యాలయానికి ఇచ్చిన పాత వర్క్‌స్టేషన్‌ను ఉంచుకోవాలా, కొత్తది కొనాలా అన్నది ఈనాటి అజెండాలో ఉంది. అందులో మన పి.పి.ఓ. నంబర్లు, ఫ్యామిలీ పెన్షన్ వివరాలు, మెడికల్ బిల్లుల జాబితా ఉన్నాయి. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో అది నత్తనడక నడిచింది. చూడవచ్చిన దుకాణం మనిషి "మెమొరీ చాలదండీ, పెట్టె మొత్తం మార్చాలి" అన్నాడు. ఖర్చు పెట్టేది మన చందాల సొమ్ము. అందుకని యంత్రంతో వచ్చిన పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. తెలిసినంత మనవి చేస్తాను.

మెమొరీ అంటే రికార్డు రూము కాదు. రికార్డు రూము హార్డ్ డిస్కు. కరెంటు పోయినా అందులోవి భద్రం. మెమొరీ మన బల్ల. కరెంటు పోతే బల్ల ఖాళీ. బల్ల చిన్నదైతే ప్రతి ఫైలుకూ అటెండరును రికార్డు రూముకు తిప్పాలి. పని మందగించేది అక్కడే.

ఇంతవరకు మనవలు కూడా చెబుతారు. నన్ను ఆశ్చర్యపరిచింది లోపలి అమరిక. మెమొరీ పలక ఐదంగుళాల పైచిలుకు పొడవుంటుంది, దానిమీద నల్లని చిప్పులు. ఒక చిప్పు నిండాక రెండోది నింపుతారేమో అనిపిస్తుంది. అలా కాదు. ప్రాసెసర్‌కు ఒక్కసారికి 64 బిట్లు రావాలి. బిట్ అంటే సున్నా గానీ ఒకటి గానీ. మన పలకల మీద ఒక్కో చిప్పు ఇచ్చేది 8 బిట్లే. అందుచేత ఎనిమిది చిప్పులూ ఒక్కసారే పలకాలి. ఒకే కాగితాన్ని నిలువునా ఎనిమిది ముక్కలు చేసి ఎనిమిదిమంది గుమాస్తాలకు అప్పగిస్తే, పిలవగానే అందరూ తమ ముక్కలు బల్లమీద పెట్టినట్టన్నమాట. ఒక్కరు సెలవు పెట్టినా కాగితం చదవలేం. ఇలా కలిసి పలికే జట్టును ర్యాంక్ అంటారు. కొన్ని పలకలకు రెండు ర్యాంకులుంటాయి గానీ దారి ఒకటే కనుక ఒకసారికి ఒక జట్టే పలుకుతుంది.

మన పలకలమీద లెక్కపెట్టాను, తొమ్మిది చిప్పులున్నాయి. తొమ్మిదోది తనిఖీ గుమాస్తా. 64 బిట్లకు 8 తనిఖీ బిట్లు, వెరసి 72. దీన్ని ఇ.సి.సి. అంటారు. పట్టీకి అడ్డం మొత్తం, నిలువు మొత్తం వేసి తప్పు అంకె ఎక్కడుందో పట్టేవాళ్లం కదా, ఇంచుమించు ఆ తరహా లెక్కే. ఒక బిట్ తారుమారైతే తనే దిద్దుతుంది. రెండైతే దిద్దలేదు గానీ తప్పుందని చెబుతుంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన రిచర్డ్ హామింగ్ ఈ మార్గాన్ని 1950లో ప్రచురించారు. ఇళ్లలో వాడే కంప్యూటర్లలో చాలావాటికి ఈ తొమ్మిదో గుమాస్తా లేడు. పెన్షన్ అంకె ఒకటి మారితే ఏమవుతుందో, బకాయిల కోసం కాళ్లరిగేలా తిరిగినవారికి నేను చెప్పనక్కరలేదు. ఈ పెట్టెను తేలిగ్గా వదులుకోరాదని నేననేది ముఖ్యంగా ఇందుకే.

ఇక దారులు. పలకలు గుచ్చే స్లాట్లు ప్రాసెసర్‌కు అటు నాలుగు, ఇటు నాలుగు. వాటికి దారులు, అంటే చానెళ్లు, నాలుగే. దారికి రెండేసి స్లాట్లు. పలకమీది చీటీలో 'పీసీ3-12800' అని ఉంది. సెకనుకు 160 కోట్ల సార్లు, సారికి 8 బైట్లు. గుణించి చూడండి, 12,800 మెగాబైట్లు. అది ఒక్క దారి సామర్థ్యం. నాలుగూ తెరిస్తే 51,200. మూత తీయిస్తే ఏముంది, 2 జీబీ పలకలు నాలుగూ ఒకే వైపున్నాయి! నాలుగు కౌంటర్ల ట్రెజరీలో రెండు మూసేసి జనాన్నంతా తక్కిన రెండింటి ముందు నిలబెట్టినట్టుంది. పుస్తకంలో బొమ్మ ప్రకారం దారికొకటి చొప్పున మార్పించాం. పైసా ఖర్చు కాలేదు.

అయితే దీనితో దారి వెడల్పయింది గానీ బల్ల పెరగలేదు. ఇప్పటికీ 8 జీబీయే. ఖాళీగా ఉన్న నాలుగు స్లాట్లలో అటువంటివే నాలుగు పెడితే 16 అవుతుంది. నా ప్రతిపాదన అదే. ఒక్క జాగ్రత్త. చీటీలో ఆ అంకె చివర ఒక అక్షరం ఉంటుంది: మనది 'ఇ', అంటే తనిఖీ గుమాస్తా ఉన్నది. 'యు' అంటే మామూలుది. 'ఆర్' అంటే రిజిస్టర్డ్ రకం. అది మనవాటితో కలవదు. దుకాణం మనిషి మొన్న తెచ్చి గుచ్చినవి 'ఆర్' రకమే. యంత్రం కూతలు పెట్టి ఊరుకుంది, ఆయనేమో పెట్టె పాడైందన్నాడు.

చీటీలోని అంకెలన్నీ బోర్డుమీద రాసి ఉంచాను. కొటేషన్లు తెచ్చే కార్యవర్గ సభ్యులు చివరి అక్షరంతో సహా రాసుకుని, మూడు దుకాణాల్లో అడగవలసిందిగా కోరుతున్నాను. పుస్తకం కార్యదర్శిగారి బల్ల సొరుగులో ఉంది.