నీటి ఇఱ్ఱుల వంశావళి



మన గ్రంథాలయమున అట్టలూడిన అమరకోశప్రతి యొకటి కలదు. అందు సింహాదివర్గమున కృష్ణసారమును శంబరమును మృగములలో ఒక్కచోటనే చెప్పబడినవి. శంబరమనగా కణుజు, అది కొమ్ములు రాల్చి మరల మొలిపించుకొనును. కృష్ణసారము తన కొమ్మును జీవితాంతము విడువదు. ఇట్లు రాలని కొమ్ముగల మృగములను నేనిచ్చట ఇఱ్ఱులని పిలిచెదను. పేరు చెప్పుటకు కోశము చాలును గాని, వంశము తేల్చుటకు కొమ్ము చూడవలయును.

ఆఫ్రికాఖండమున జాంబియాదేశమందు బంగ్వేలు అను గొప్ప చిత్తడినేల కలదు. అచ్చట సిటటుంగ, లేచ్వే అను రెండు ఇఱ్ఱులు ఇరుగుపొరుగున బ్రతుకుచున్నవి. సిటటుంగ ఒంటరిది; జమ్ముదుబ్బులలో దాగును. అపాయము తోచినచో నీట మునిగి ముక్కుపుటములు మాత్రము పైకుంచును. లేచ్వేలు వేలకొలది మందలుగా వరదనీటి పచ్చికబయళ్లలో మేయును. రెంటికిని గిట్టలు పొడవై విచ్చుకొనును, బురదలో దిగబడవు. చూచినవారు అన్నదమ్ములే యందురు.

కొమ్ము చెప్పు సాక్ష్యము వేఱు. సిటటుంగపోతు కొమ్ము మెలి తిరిగినది. లేచ్వేపోతు కొమ్ము ఉంగరములు తొడిగినట్లుండును. ఇప్పటి శాస్త్రజ్ఞుల డి.ఎన్.ఎ. పరీక్షలును ఇదే చెప్పుచున్నవి. సిటటుంగ మన మనుబోతునకును, ఆవుగేదెలకును దగ్గఱి చుట్టము. లేచ్వే మేకకును, గొఱ్ఱెకును, కృష్ణసారమునకును చుట్టము. ఈ శాఖలు కోటి సంవత్సరములకు పూర్వమే విడిపోయినవి. గేదె చుట్టమును మేక చుట్టమును ఒకే బురదలో ఒకే తీరు గిట్టలు సంపాదించుకొన్నవి! గ్రామలెక్కలు వ్రాయువాడను గనుక నాకిది వింత గాదు. అడంగలులో ప్రక్కప్రక్క నంబర్లవారు ఒకే పైరు వేసినంత మాత్రమున దాయాదులగుదురా?

లేచ్వే తెగవాని శిలాజములు హిమాలయపాదమున శివాలిక్ కొండలలోను దొరకినవి. మన గడ్డపై మేసిన ఆ తెగ యిచ్చట నశించి, నేడు సహారా ఎడారికి దక్షిణముననే మిగిలియున్నది.

అచ్చటను దానికి సుఖము లేదు. జాంబియాలోనే కాఫ్యూ నదిపై 1970-79 మధ్య విద్యుత్తు కొఱకు రెండు ఆనకట్టలు పూర్తియైనవి. వరద తన ఋతువున వచ్చుట తగ్గెను. కాలముగాని కాలమున నీరు నిలిచెను. దొంగవేటయు తోడైనది. అచ్చటి లేచ్వేలు ఆ పిమ్మట సగమునకు పైగా తఱిగిపోయినవి. ఆనకట్టలు వలదనుట నా మతము గాదు. గోదావరి ఆనకట్ట అన్నము తిన్నవారము మనము. కాఫ్యూపై ఎగువ జలాశయమును కట్టినవారును, ఏటేట మార్చి నెలలో దిగువ బయళ్లకు నీరు విడుచుటకై అదనపు నిల్వ నేర్పరచిరి. విడిచిన ఆ నీరు పూర్వపు వరదకు సాటి రాలేదు.